కిడ్నీ బయాప్సీ: కాళ్ల వాపు, నురగ మూత్రం.. 'మెంబ్రేనస్ నెఫ్రోపతీ'ని మైక్రోస్కోప్ కింద ఎలా పట్టుకుంటారు?

పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. మూత్రంలో నురగ.. ఎంతసేపైనా పోదు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎవరైనా ఇలా ఉందని చెప్తే ఇంట్లో వచ్చే మొదటి మాట 'ఒంటికి నీరు పట్టింది'. రెండో మాట మన దగ్గర ఇంకా కామన్.. 'ఫ్లోరైడ్ నీళ్లు తాగినం కదా, కిడ్నీలు ఖరాబైనయ్'.

ఆ తర్వాత కథ కూడా దాదాపు ఒకేలా నడుస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నీరు దిగే గోలీలు. అవి పనిచేయకపోతే పసరు మందు. చివరికి హైదరాబాద్ ప్రయాణం. నిమ్స్‌లోనో, ఉస్మానియాలోనో, గాంధీలోనో కిడ్నీ డాక్టర్ పరీక్షలు చూసి 'బయాప్సీ చేయాలి' అంటారు. అక్కడే చాలామంది ఆగిపోతారు. 'ముక్క తీస్తే ఉన్న కిడ్నీ కూడా పోతుందట' అన్న భయం.

కానీ ఆ చిన్న ముక్కలోనే అసలు సమాధానం ఉంటుంది. వాపు ఒకటే అయినా దాని వెనుక జబ్బులు చాలా ఉన్నాయి, ఒక్కో దానికి ఒక్కో మందు. వాటిలో పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపించేది 'మెంబ్రేనస్ నెఫ్రోపతీ'. పేరు నోరు తిరగనిదే. అయినా ఇది సరిగ్గా గుర్తుపడితే చాలామందిలో అదుపులోకి వచ్చే జబ్బు. కొందరిలో వాడుతున్న మందో, పూసుకుంటున్న క్రీమో ఆపేస్తే చాలు, తగ్గిపోతుంది కూడా. ఇంతకీ మైక్రోస్కోప్ కింద డాక్టర్లు ఏం చూస్తారు? వివరంగా చూద్దాం.

జాలీ ఎక్కడ చిరిగింది?

మన ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల ఫిల్టర్లు ఉంటాయి. వాటిని గ్లోమెరులస్ అంటారు. సన్నని రక్తనాళాలన్నీ దారం ఉండలా చుట్టుకుని ఉన్న ముద్ద అనుకోండి. ఈ నాళాల గోడే మన జాలీ. నీళ్లు, వ్యర్థాలు కిందకి దిగాలి. రక్తంలోని ప్రొటీన్ మాత్రం పైనే ఆగాలి. చాయ్ వడగట్టినట్టే.

ఈ గోడకు మూడు పొరలు. లోపల చిల్లులున్న కణాల పొర. మధ్యలో బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలుచని పొర. దీని మందం 300 నుంచి 350 నానోమీటర్లు, అంటే తలవెంట్రుక కంటే 200 రెట్లకు పైగా సన్నం. దానికి బయటివైపు పోడోసైట్లు అనే కణాలు. ఇవి కాళ్లు చాపి, రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరికించినట్టుగా గోడను పట్టుకుని ఉంటాయి.

మెంబ్రేనస్‌లో జరిగేది ఏంటంటే.. మన రోగనిరోధక శక్తి దారి తప్పుతుంది. పోడోసైట్ కాళ్ల మీద ఉండే ఒక ప్రొటీన్‌ను శత్రువు అనుకుని యాంటీబాడీలు దాడి చేస్తాయి. రెండూ కలిసి చిన్న చిన్న గడ్డల్లా తయారై, మధ్య పొరకు, పోడోసైట్ కాళ్లకు నడుమ పేరుకుంటాయి. జాలీ దెబ్బతింటుంది. ఆల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి కారిపోతుంది. నురగ అందుకే. రక్తంలో నీటిని పట్టి ఉంచేది ఆల్బుమిన్. అది తగ్గితే నీరు నాళాల్లోంచి బయటికి చేరుతుంది, కిడ్నీ కూడా ఉప్పును బయటికి పంపకుండా ఒంట్లోనే ఆపేస్తుంది. కాళ్ల వాపు అందుకే. మామూలుగా రోజు మొత్తం మూత్రంలో పోయే ప్రొటీన్ 150 మిల్లీగ్రాముల లోపే. ఇలాంటి జబ్బుల్లో అది 3.5 గ్రాములు దాటుతుంది.

ఇక్కడ ఒక మాట. మన తెలుగువాళ్లకు కిడ్నీ జబ్బు అంటే వెంటనే గుర్తొచ్చేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అది వేరే లెక్క. అక్కడ ప్రధానంగా దెబ్బతినేది ఫిల్టర్ కాదు, ఫిల్టర్ తర్వాత ఉండే గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కండ. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపు కూడా తక్కువే. చాలామందికి క్రియాటినిన్ పెరిగాక గానీ తెలియదు. మెంబ్రేనస్ దీనికి రివర్స్. మొదట్లో క్రియాటినిన్ నార్మల్‌గానే ఉంటుంది, వాపు మాత్రం గట్టిగా ఉంటుంది. అందుకే 'క్రియాటినిన్ బాగానే ఉంది, కిడ్నీకి ఏం కాలేదు' అని ఇంటికి వచ్చేయడం పొరపాటు. మూత్రంలో ప్రొటీన్ చూడాల్సిందే.

ముక్క అంటే ఎంత?

బయాప్సీ అంటే కోసి తీసే ఆపరేషన్ కాదు. బోర్లా పడుకోబెట్టి, నడుము దగ్గర మత్తు సూది ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూదితో కిడ్నీలోంచి దారప్పోగు లాంటి ముక్క తీస్తారు. పొడవు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు, మందం దాదాపు ఒక మిల్లీమీటర్. సాధారణంగా రెండు పోగులు తీస్తారు. అందులో వచ్చే ఫిల్టర్లు 10 నుంచి 20 వరకు ఉంటాయి. 10 లక్షల్లో 20! ఆ 20 తీస్తే కిడ్నీ పోదు.

అలాగని రిస్క్ అసలు లేదని చెప్పలేం. కొందరికి ఒకటి రెండు రోజులు మూత్రంలో రక్తం కనిపిస్తుంది. రక్తం ఎక్కించాల్సి వచ్చేది వందలో ఒకరిద్దరికి. అందుకే ముందు బీపీ అదుపులో ఉందా, రక్తం గడ్డకట్టే గుణం సరిగా ఉందా చూస్తారు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచన చేసే గోలీలు వాడుతుంటే ముందే చెప్పాలి. తర్వాత కొన్ని గంటలు కదలకుండా వెల్లకిలా పడుకోవాలి.

అసలు పనంతా ముక్క తీశాక మొదలవుతుంది. ఒక పోగును ఫార్మలిన్‌లో వేస్తారు. ఇంకో దాన్ని ఫార్మలిన్ తగలకుండా వేరే ద్రావణంలో పంపిస్తారు. ఎందుకో కింద చెప్తా. మీరు చీటీ పట్టుకుని ల్యాబ్‌కు రెండు డబ్బాలు తీసుకెళ్లాల్సి వస్తే, 'రెండెందుకు' అని ఒకటి పారేయకండి.

వెండి రంగులో కనిపించే 'ముళ్లు'

ఫార్మలిన్ ముక్కను మైనపు దిమ్మలో పొదిగి, రెండు మూడు మైక్రాన్ల మందంలో పొరలు పొరలుగా కోస్తారు. మామూలు కణజాల పరీక్షలకు కోసే దానికంటే ఇది పలుచన. మందంగా కోస్తే మెంబ్రేనస్ దొరకదు, అంత సూక్ష్మంగా ఉంటుంది వ్యవహారం.

మొదట పింక్, ఊదా రంగుల మామూలు స్టెయిన్‌లో చూస్తారు. నాళాల గోడలు మందంగా, బిర్రుగా కనిపిస్తాయి. చాలా నెఫ్రైటిస్ జబ్బుల్లో ఫిల్టర్ లోపల కణాలు కిక్కిరిసి ఉంటాయి. ఇక్కడ అలా ఉండవు. గోడ మందం అయింది, లోపల మాత్రం ఖాళీగా, ప్రశాంతంగా ఉంది. పాథాలజిస్ట్‌కు మొదటి డౌట్ ఇక్కడే వస్తుంది.

ఆ డౌట్ తీర్చేది సిల్వర్ స్టెయిన్. వెండి లవణం బేస్‌మెంట్ మెంబ్రేన్‌ను నల్లగా చేస్తుంది. యాంటీబాడీ గడ్డలు మాత్రం ఆ రంగు పట్టవు. ఇప్పుడు ఊహించండి.. పొర మీద గడ్డలు వరుసగా కూర్చున్నాయి. పోడోసైట్ ఊరుకోదు, గడ్డకూ గడ్డకూ మధ్య సందుల్లో కొత్త పొర పోస్తుంది. పొర నల్లగా, గడ్డలు తెల్లగా. పక్క నుంచి చూస్తే నల్లటి గీత మీంచి దువ్వెన పళ్లలా నల్లటి మొనలు లేచి ఉంటాయి. వీటినే 'స్పైక్స్' అంటారు. 1957లో డేవిడ్ జోన్స్ అనే అమెరికన్ పాథాలజిస్ట్ ఈ వెండి స్టెయిన్‌తోనే ఈ ముళ్లను వివరించారు. ఇప్పటికీ ల్యాబుల్లో దాన్ని జోన్స్ స్టెయిన్ అనే పిలుస్తారు.

కోత ఎప్పుడూ పక్క నుంచే పడదు కదా. ఒక్కోసారి గోడ పైభాగం నుంచి పడుతుంది. అప్పుడు ముళ్లు కనపడవు, నల్లటి పొర మీద చిన్న చిన్న తెల్లటి చిల్లులు కనిపిస్తాయి. సర్వపిండి చూశారుగా.. మన దగ్గర కొందరు తపాల చెక్క అంటారు. వేలితో పొడిచిన చిల్లులతో ఉంటుంది. అచ్చం అలాగే! మొదట్లో ముళ్లు చిన్నగా ఉన్నప్పుడు ముళ్ల కంటే ఈ చిల్లులే ముందు కంటపడతాయి. అనుభవం ఉన్న పాథాలజిస్ట్ చిల్లుల కోసమే వెతుకుతారు.

ట్రైక్రోమ్ అనే ఇంకో స్టెయిన్‌లో బొమ్మ ఇంకోలా ఉంటుంది. పొర నీలంగా, దాని బయటి అంచున గడ్డలు ఎర్రటి చుక్కలుగా కనిపిస్తాయి.

ఇంకో మంచి విషయం. మెంబ్రేనస్ సాధారణంగా అన్ని ఫిల్టర్లనూ పడుతుంది. అక్కడొకటి ఇక్కడొకటి కాదు. కాబట్టి ముక్కలో ఫిల్టర్లు తక్కువ వచ్చినా, ఒక్కటి బాగా ఉన్నా చాలాసార్లు జబ్బు పేరు చెప్పేయొచ్చు. వేరే కొన్ని కిడ్నీ జబ్బుల్లో ఈ సౌకర్యం లేదు.

అంతా నార్మల్‌గా కనిపిస్తే?

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. జబ్బు మొదలైన కొత్తలో గడ్డలు మరీ చిన్నవి. మామూలు మైక్రోస్కోప్ 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపించలేదు. ముళ్లు ఇంకా మొలవలేదు, పొర మందం కాలేదు. అంటే రోజుకు 6 గ్రాముల ప్రొటీన్ పోతున్న మనిషి బయాప్సీ కూడా మామూలు మైక్రోస్కోప్‌లో 'నార్మల్' అన్నట్టే కనిపించొచ్చు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే 'మినిమల్ చేంజ్' జబ్బు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. రెండింటికీ చికిత్స వేరు. మినిమల్ చేంజ్ ఒక్క స్టెరాయిడ్లతోనే చాలామందిలో లొంగుతుంది. మెంబ్రేనస్‌కు ఒక్క స్టెరాయిడ్లు సరిపోవు. తేడా చెప్పకుండా మందు మొదలుపెడితే నెలల తరబడి స్టెరాయిడ్ దుష్ఫలితాలు తప్ప లాభం ఉండదు.

ఆ రెండో డబ్బా గుర్తుందా? అది ఇందుకే. ఫార్మలిన్ తగలని ముక్కను గడ్డకట్టించి కోసి, దాని మీద మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలు పోస్తారు. చీకటి గదిలో ప్రత్యేక లైటు కింద చూస్తే, నాళాల గోడ వెంట ఆకుపచ్చ చుక్కలు సన్నని రవ్వ చల్లినట్టు మెరుస్తాయి. దీన్ని ఇమ్యూనోఫ్లోరసెన్స్ అంటారు. ఐజీజీ అనే యాంటీబాడీ, దాంతో పాటు చాలాసార్లు సీ3 అనే ప్రొటీన్ ఇలా చుక్కలు చుక్కలుగా కనిపిస్తే మెంబ్రేనస్. మినిమల్ చేంజ్‌లో ఏమీ మెరవదు, అంతా చీకటే. చుక్కలు కాకుండా గీత గీసినట్టు ఏకధాటిగా మెరిస్తే అది ఇంకో జబ్బు.

ఒక్కోసారి రెండో ముక్కలో ఫిల్టర్ ఒక్కటీ రాదు. అప్పుడు కూడా దారి ఉంది. మైనపు దిమ్మలో ఉన్న ముక్క మీదే సీ4డీ అనే స్టెయిన్ వేస్తే గోడ వెంట అదే చుక్కల వరుస బయటపడుతుంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అయితే గడ్డలను నేరుగా చూపిస్తుంది. 1968లో ఎరెన్‌రైక్, చర్గ్ అనే ఇద్దరు దీని ఆధారంగా నాలుగు దశలు చెప్పారు. మొదటి దశలో చిన్న గడ్డలు, ముళ్లు లేవు. రెండో దశలో ముళ్లు. మూడో దశలో కొత్త పొర గడ్డలను పూర్తిగా కప్పేస్తుంది, పక్క నుంచి గొలుసులా ఉంటుంది. నాలుగో దశలో గడ్డలు కరిగిపోయి పురుగు తిన్న చెక్కలా ఖాళీలు మిగులుతాయి. రిపోర్టులో 'స్టేజ్ 3' అని చూసి క్యాన్సర్ స్టేజ్‌లా భయపడే వాళ్లున్నారు. ఆ లెక్క వేరు. ఈ దశలు గడ్డలు ఎంత పాతవో చెప్తాయి తప్ప, మనిషికి ఎంత ప్రమాదమో నేరుగా చెప్పవు.

పోలికలతో మోసం

షుగర్ ఉన్నవాళ్ల సంగతి ముందు. పదేళ్లుగా షుగర్, ఇప్పుడు కాళ్ల వాపు. 'షుగర్ కిడ్నీకి పాకింది' అని బయాప్సీ లేకుండానే తేల్చేయడం మామూలు. చాలాసార్లు అది నిజమే. షుగర్‌లో కూడా ఫిల్టర్ గోడ మందం అవుతుంది. కానీ ముళ్లుండవు, చుక్కల మెరుపూ ఉండదు. ఫిల్టర్ మధ్యలో గుండ్రటి ముద్దలు పెరుగుతాయి. వాపు అకస్మాత్తుగా వచ్చినా, ప్రొటీన్ ఒక్కసారిగా పెరిగినా, కంటి రెటీనా మీద షుగర్ ప్రభావం లేకపోయినా డాక్టర్లు బయాప్సీ అడుగుతారు. షుగర్ ఉన్న మనిషికి మెంబ్రేనస్ రాకూడదని రూలేం లేదు.

ఇంకా తిప్పలు పెట్టేది అమైలాయిడ్. ఇందులోనూ సిల్వర్ స్టెయిన్‌లో మొనలు కనిపిస్తాయి! మెంబ్రేనస్ ముళ్ల కంటే పొడవుగా, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నట్టు ఉంటాయి. కాంగో రెడ్ అనే స్టెయిన్ వేస్తే విషయం తేలిపోతుంది.

లూపస్ మరొకటి. ఎక్కువగా యువతుల్లో వస్తుంది, కొందరిలో మెంబ్రేనస్ రూపంలో కూడా కిడ్నీని పడుతుంది. ఇందులో ఐజీజీ ఒక్కటే కాదు, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ అన్నీ కలిసి మెరుస్తాయి. పాథాలజిస్టులు దీన్ని 'ఫుల్ హౌస్' అంటారు, పేకాట భాషలో.

అసలు దొంగ ఎవరు?

మెంబ్రేనస్ అని తేలితే సగం పనే అయింది. యాంటీబాడీలు దేని మీద దాడి చేస్తున్నాయన్నది మిగతా సగం. దశాబ్దాల పాటు ఇది తెలియలేదు. 2009లో అమెరికాలోని బోస్టన్ యూనివర్సిటీకి చెందిన లారెన్స్ బెక్, డేవిడ్ సాలంట్ టీమ్ ఆ ప్రొటీన్‌ను పట్టుకుంది. పేరు పీఎల్‌ఏ2ఆర్. వాళ్లు చూసిన 37 మందిలో 26 మంది రక్తంలో దాని మీద యాంటీబాడీ దొరికింది. ఇప్పుడు బయాప్సీ ముక్క మీద కూడా పీఎల్‌ఏ2ఆర్ స్టెయిన్ వేస్తున్నారు. అది పాజిటివ్ వచ్చి, ఐజీజీలో నాలుగో రకం ఎక్కువగా ఉంటే.. జబ్బు చాలావరకు ఒంట్లోంచే పుట్టింది, బయటి కారణం లేదని అర్థం.

నెగటివ్ వస్తే? అప్పుడు బయటి కారణం కోసం వెతకాలి. హెపటైటిస్ బీ, లూపస్, క్యాన్సర్, కొన్ని మందులు, పాదరసం లాంటి లోహాలు. ఇక్కడే మన ప్రాంతానికి దగ్గరగా వచ్చే విషయం ఉంది.

2019 నుంచి నెల్-1 అనే మరో ప్రొటీన్ పేరు వినిపిస్తోంది. కేరళలోని కొట్టక్కల్‌లో ఆస్టర్ మిమ్స్ డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ వరకు వచ్చిన 22 మెంబ్రేనస్ కేసులు పరిశీలించారు. అందులో 15 మందికి నెల్-1 పాజిటివ్. ఆ 15 మందిలో 13 మంది ముఖం తెల్లబడే క్రీములు వాడుతున్నారు! ఇలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మం రంగును తయారుచేసే ప్రక్రియను ఆపేస్తుంది కాబట్టి మొహం నిజంగానే తేటగా కనిపిస్తుంది. కానీ చర్మం గుండా ఒంట్లోకి దిగి కిడ్నీని పడుతుంది. మన దేశ రూల్స్ ప్రకారం ఇలాంటి క్రీముల్లో పాదరసం వాడకూడదు, పొరపాటున కలిసినా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. తయారీ అడ్రస్ లేని డబ్బాకు రూల్స్ ఎవరు అడుగుతారు?

చెన్నైలోని కిడ్నీ పాథాలజీ నిపుణులు 2022లో ప్రచురించిన పరిశీలనలో ఇంకో కోణం బయటపడింది. నెల్-1 పాజిటివ్ వచ్చినవాళ్లలో కొందరు పాదరసం ఉన్న సంప్రదాయ మందులు వాడుతున్నారు. ఆ మందు ఆపాక చాలామందిలో ప్రొటీన్ లీక్ తగ్గింది. ఆయుర్వేదం మొత్తం చెడ్డదని దీని అర్థం కాదు. ఆకులు, వేర్లతో చేసే మందులు వేరు, పాదరసం, గంధకం కలిపి చేసే రసౌషధాలు వేరు. పేరు, ముద్ర లేని పొట్లంలో ఏముందో మింగేవాళ్లకు తెలియదు, అదే సమస్య. నెల్-1 కొందరిలో క్యాన్సర్‌తో కూడా ముడిపడి ఉంటుంది. అందుకే అది పాజిటివ్ వస్తే డాక్టర్లు ఛాతీ, కడుపు స్కాన్లు కూడా రాస్తారు. భయపడి మానేయొద్దు.

మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు ఫ్లోరోసిస్ బాధితుల కీళ్ల నొప్పుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పాలమూరు నుంచి వలస వెళ్లి మట్టి పని, రాతి పని చేసి వచ్చినవాళ్ల నడుం నొప్పులదీ అదే కథ. నొప్పికి మందుల షాపులో చీటీ లేకుండా దొరికే గోలీ. ఏళ్ల తరబడి, రోజూ. డైక్లోఫెనాక్ లాంటి ఈ నొప్పి మందులు మెంబ్రేనస్‌కు తెలిసిన కారణాల్లో ఒకటి. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 1996లోనే ఈ మాట చెప్పారు, గోలీలు ఆపితే తగ్గిందని కూడా రాశారు. ఫ్లోరైడ్ మాత్రం మెంబ్రేనస్‌కు తెలిసిన కారణాల లిస్టులో లేదు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్‌తో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కూడా ప్రతి కాళ్ల వాపునూ ఫ్లోరైడ్ ఖాతాలో వేస్తే, అసలు కారణమైన గోలీ మాత్రం రోజూ కడుపులోకి పోతూనే ఉంటుంది. ఫ్లోరైడ్‌ను తక్కువ చేయడం కాదు ఇది. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఒంట్లోంచి ఫ్లోరైడ్ సరిగా బయటికి పోదు కూడా, వాళ్లకు మంచినీళ్లు మరీ ముఖ్యం.

మైక్రోస్కోప్ ముళ్లను చూపిస్తుంది కానీ మీరు ఏం మింగారో చెప్పదు. పాథాలజిస్ట్‌కు వెళ్లే ఫారంలో 'మందుల వివరాలు' అని ఒక గడి ఉంటుంది. అది ఖాళీగా పోతే నెల్-1 స్టెయిన్ వేయాలన్న ఆలోచనే రాకపోవచ్చు. డాక్టర్ తిడతారని నాటు మందు సంగతి, సిగ్గుపడి క్రీం సంగతి దాచేవాళ్లు ఎక్కువ. డబ్బా, పొట్లం, గోలీల అట్ట ఏదున్నా సంచిలో వేసుకుని వెళ్లి ముందు పెట్టేయండి.

రిపోర్ట్ చేతికొస్తే..

ముందు గ్లోమెరులై ఎన్ని అన్న నంబర్ చూడండి. 'డిఫ్యూజ్ థికెనింగ్ ఆఫ్ కేపిల్లరీ వాల్స్' అంటే అన్ని ఫిల్టర్ల గోడలూ మందం అయ్యాయని. 'గ్రాన్యులర్ ఐజీజీ 3+' అంటే చుక్కల మెరుపు గట్టిగా ఉందని, జబ్బు మూడింతలు అయిందని కాదు. అన్నింటికంటే ముఖ్యమైంది 'ఐఎఫ్‌టీఏ' పక్కన ఉన్న శాతం. కిడ్నీలో ఎంత భాగం మచ్చగా మారిందో అది చెప్తుంది. మచ్చ వెనక్కి రాదు. 5, 10 శాతం ఉంటే మందులకు చాలా ఛాన్స్ ఉంది. 50 దాటితే డాక్టర్ బలమైన మందులు ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తారు. నాటు మందుతో ఏడాది గడిపి రావడానికి, నెలలోపు రావడానికి తేడా కనిపించేది ఈ అంకెలోనే.

అందరికీ బయాప్సీ తప్పనిసరా అంటే, ఇప్పుడు కాదు. 2021లో వచ్చిన అంతర్జాతీయ కేడీఐజీఓ గైడ్‌లైన్స్ ప్రకారం వాపు, ప్రొటీన్ లీక్ ఉండి, రక్తంలో పీఎల్‌ఏ2ఆర్ యాంటీబాడీ పాజిటివ్ వస్తే బయాప్సీ లేకుండానే మెంబ్రేనస్ అని తేల్చొచ్చు. రక్త పరీక్ష నెగటివ్ వస్తే, క్రియాటినిన్ వేగంగా పెరుగుతుంటే, లూపస్ అనుమానం ఉంటే సూది తప్పదు. రక్తంలో నెగటివ్ వచ్చి ముక్క మీద పాజిటివ్ వచ్చేవాళ్లు కూడా ఉంటారు.

చికిత్స విషయానికొస్తే, మూడింట ఒక వంతు మందిలో ఇది దానంతట అదే తగ్గుతుంది. అందుకే రిస్క్ తక్కువ ఉన్నవాళ్లకు డాక్టర్లు ఉప్పు తగ్గించి, బీపీ, నీరు దిగే మందులు ఇచ్చి కొన్ని నెలలు చూస్తారు. 'ఏం మందు ఇయ్యలే' అని ఆస్పత్రి మారిపోకండి, ఎదురుచూడటం కూడా చికిత్సే. రిస్క్ ఎక్కువ ఉంటే స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ నెల మార్చి నెల ఆరు నెలలు ఇచ్చే పద్ధతి ఉంది. చండీగఢ్ పీజీఐ డాక్టర్లు మన దేశ పేషెంట్ల మీదే దీన్ని పరీక్షించి, పదేళ్లు ఫాలో అయి 2007లో ఫలితాలు ఇచ్చారు. ఈ కోర్సు తీసుకున్నవాళ్లలో డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు తక్కువ. రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ ఇప్పుడు ఇంకో దారి, ఖర్చు ఎక్కువ.

ఈలోగా ఒక్క విషయం మాత్రం ఆగదు. ప్రొటీన్ లీకయ్యే కిడ్నీ జబ్బులన్నింటిలోకీ మెంబ్రేనస్‌లోనే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. రెండు కాళ్లూ వాచి ఉన్న మనిషికి ఒక్క కాలు సడన్‌గా ఎక్కువ వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా, నడుము పక్కన నొప్పితో మూత్రం ఎర్రగా వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. అదే రాత్రి ఆస్పత్రికి వెళ్లాలి.

బయాప్సీ అయిపోయాక రిపోర్ట్ కాగితంతో పాటు స్లైడ్లు, మైనపు దిమ్మ కూడా అడిగి తెచ్చుకోవచ్చు. వేరే ఆస్పత్రికి సెకండ్ ఒపీనియన్‌కు వెళ్తే మళ్లీ సూది గుచ్చకుండా వాటినే చూస్తారు. దిమ్మ ఏళ్ల తరబడి పాడవదు. నాలుగేళ్ల కింద 'మెంబ్రేనస్, కారణం తెలియదు' అని వచ్చిన ముక్క మీద కూడా ఇవాళ పీఎల్‌ఏ2ఆర్, నెల్-1 స్టెయిన్లు వేయొచ్చు.